మూరెడు చింత, బారెడు బండి

పూలంకలో తెలివికి లోటు లేదు. ఉన్న తెలివంతా కామరాజు ఇంట్లోనే ఉంది. ఈ మాట ఎవరన్నారంటే, కామరాజే అన్నాడు. భార్య భద్రావతి "మరేనండి" అంది. తమ్ముడు బుల్లబ్బాయి "అంతేగా అన్నయ్యా" అన్నాడు. ఇంట్లో ఉన్న ముగ్గురికి ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక వేరే సాక్ష్యం దేనికి? ఈ కథ చెప్పేవాళ్ళదీ ఆ ఊరే, కాబట్టి నవ్వేటప్పుడు మమ్మల్ని కూడా కలుపుకుని నవ్వండి.

కడియం పక్కన కాలవ గట్టుని ఆనుకుని ఉంటుంది పూలంక. ఇంటికో నర్సరీ. పిల్లాడు పుట్టగానే ఉగ్గుగిన్నె కన్నా ముందు కవరు మొక్క చేతికిస్తారని ఓ మాట. ఆ నర్సరీల్లో పాతది కామరాజుది. వాళ్ళ గొప్ప ఏంటంటే, తెలిసినవాళ్ళు ఒక మాట చెబితే చెప్పింది చెప్పినట్టు చేస్తారు. వెంట్రుక వాసి అటు జరగరు, ఇటు జరగరు. "సగం విని సొంత తెలివి కలిపేవాడేరా మునిగిపోయేది" అనేవాడు కామరాజు మీసం దువ్వుకుంటూ. సొంత తెలివి కలిపే ప్రమాదం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

కామరాజు ప్రాణమంతా ఒక్క చెట్టు మీద ఉండేది. అరుగు మీద, పళ్ళెం లాంటి కుండీలో పెంచుతున్న బోన్సాయ్ చింత. వయసు ఇరవై నాలుగేళ్ళు, ఎత్తు మూరెడు. ముసలి చింతకి ఉండాల్సినవన్నీ దానికున్నాయి. బెరడు పగుళ్ళు తేలింది, కొమ్మలు నేల చూస్తాయి, ఏడాదికి రెండో మూడో కాయలు కూడా కాస్తుంది. తణుకులో ఏటా బోన్సాయ్ చెట్ల పోటీ జరుగుతుంది. అక్కడ పదిమంది మధ్యా తన చెట్టు నిలబడాలని, "ఎవరిదయ్యా ఇది" అని ఒక్కరైనా అడగాలని ఆయన కోరిక. మూడుసార్లు బయలుదేరాడు. మొదటిసారి ఆటోలో పెడితే గతుకులకి కొమ్మ విరిగింది. ఆ కొమ్మ మళ్ళీ రావడానికి నాలుగేళ్ళు పట్టింది. రెండోసారి బస్సెక్కితే, పక్క సీటావిడ ఆయన కునుకు తీసి లేచేలోగా చిగురంతా కోసి కొంగున కట్టుకుంది, పప్పులోకట. మూడోసారి బుల్లబ్బాయి మోటారుసైకిలు వెనక కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. గాలికి ఆకంతా రాలి, తణుకు చేరేసరికి కుండీలో పుల్లలు మిగిలాయి. ఆ రోజు గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగాడు.

ఇలా ఉండగా ఓ పెళ్ళికి వెళ్తే, ఎవరో పెద్దాయన తన డీజిల్ కారులో ఎక్కించుకున్నాడు. ఏనుగంత బండి. లోపల కూర్చుంటే రోడ్డుందన్న సంగతే తెలియలేదు. "కడుపులో చల్ల కదలదండీ దీన్లో" అన్నాడా పెద్దాయన. కామరాజు ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. చల్లే కదలకపోతే ఆకు కదులుతుందా? అంతే. ఆ ఏడు ఏదో రిసార్టు వాళ్ళు వచ్చి తోటలో పెద్ద పెద్ద పామ్ చెట్లన్నీ కొనుక్కుపోతే, ఆ డబ్బు పెట్టి అలాంటిదే నల్లటి డీజిల్ బండి తెచ్చాడు. ఊరంతా కామరాజుకి షోకు పట్టిందనుకుంది. ఆయన కొన్నది చింతచెట్టుకి.

బండి చేతికిచ్చేటప్పుడు సర్వీసు సెంటర్‌లో ప్రశాంతి అనే అమ్మాయి, ఓర్పు గల మనిషి, అన్నీ వివరంగా చెప్పింది.

"కొత్త బండి సార్. మొదట్లోనే కష్టపెట్టకండి. కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి."

కామరాజు నవ్వాడు. "మాకు చెప్పాలేటమ్మా? రోజూ మేం చేసే పనేగా ఇది."

ఇంకేముంది! నీడలో పెరిగిన మొక్కని ఒక్కసారిగా ఎండలో పెడితే మాడిపోతుందని పూలంకలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. మొదట పచ్చ వల కింద ఉంచుతారు. తర్వాత రోజుకి పావుగంట, అరగంట ఎండ చూపిస్తారు. అలాగే బండికి పచ్చ వల పందిరి వేయించాడు. మొదటిరోజు పొద్దుటెండలో పావుగంట ఉంచి, ముగ్గురూ కలిసి మళ్ళీ నీడలోకి తోశారు. ఇంజను వెయ్యలేదు, కష్టపెట్టొద్దంది కదా. రెండోరోజు అరగంట. భద్రావతి రోజుకి రెండుసార్లు పిచికారీతో అద్దాల మీద నీళ్ళు చిలకరించేది. ఇరవై రోజులయ్యాక కామరాజు బానెట్ మీద చెయ్యేసి చూసి, "నిలదొక్కుకుంది. ఒక్క రేకు కూడా వాడలేదు" అన్నాడు. నిజమే, వాడలేదు.

అప్పుడు నడపడం మొదలైంది. కామరాజుకి ట్రాక్టరు నడిపిన చెయ్యి, కాబట్టి స్టీరింగు ఆయనది. బండితో వచ్చిన తెలుగు పుస్తకం చదవడం బుల్లబ్బాయి వంతు, ఎందుకంటే అందరూ ఒక్కసారి చదివే పదో తరగతిని వాడు మూడుసార్లు చదివాడు. ఇంటి నుంచి నర్సరీకి రెండు వందల గజాలు. పొద్దున్న బండిలో వెళ్తారు, టిఫినుకి బండిలో వస్తారు, భద్రావతికి కరివేపాకు కావాలంటే బండిలో వెళ్ళి నాలుగు రెబ్బలు కోసుకొస్తారు. ఏసీ చల్లబడేలోపే దిగిపోవాల్సి వచ్చేది. అందుకని దిగాక తలుపులేసుకుని మళ్ళీ కాసేపు కూర్చునేవారు. కొన్న చల్లదనం వృథా చెయ్యకూడదు కదా.

ఒకనాడు స్టీరింగు ముందు ఓ బొమ్మ వెలిగింది. కామరాజు ప్రశాంతికి ఫోన్ చేశాడు.

"యూరియా అయిపోవచ్చింది సార్" అందామె. "డీజిల్ బండి కదా, పొగ శుభ్రపడాలంటే యూరియా ఉండాలి. లేకపోతే కొన్నాళ్ళకి అసలు స్టార్టే అవ్వదు. వచ్చి వేయించుకోండి."

"వేయించుకోవడం దేనికమ్మా, మా ఇంట్లో బస్తాలున్నాయి" అని ఆమె ఇంకో మాట అనేలోపు పెట్టేశాడు.

ఎక్కడ వెయ్యాలన్నది కొంచెం చర్చకొచ్చింది. భద్రావతి, "డీజిలు మూత పక్కన ఇంకో నీలం మూతుందండి, దాన్లో పొయ్యాలేమో" అంది.

"ఓసి నీ తెలివి తగలెయ్యా!" అన్నాడు కామరాజు. "నర్సరీ వాళ్ళ కోడలివేనా నువ్వు? యూరియా ఎవరైనా నోట్లో పోస్తారటే? మొదట్లో వెయ్యాలి. వేసి నీళ్ళు పెట్టాలి."

అంతే. నాలుగు టైర్ల చుట్టూ పాదులు తవ్వారు. పాదుకి రెండు గుప్పిళ్ళ చొప్పున యూరియా చల్లి, మట్టి కప్పి, గొట్టంతో నీళ్ళు వదిలారు. "ఎక్కువైతే మాడుద్దన్నయ్యా" అని బుల్లబ్బాయి జాగ్రత్తలు చెప్పాడు. తెల్లారేసరికి బండి ఇరుసుల దాకా బురదలో కూర్చుంది. ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి, ఊరు ఊరంతా చూస్తుండగా లాగారు.

ఆ పూట కామరాజు అరుగు మీద చెట్టు పక్కన కూలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళ నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. అప్పుడప్పుడూ ఆయనకి ఓ అనుమానం వచ్చేది, ఆ పూట గట్టిగానే వచ్చింది.

"ఒసే భద్రా, మనకి తెలివి తక్కువేమోనే."

భద్రావతి ఆలోచించింది. "తెలివితక్కువ వాళ్ళకి ఆ సంగతి తెలీదంటండి. మీకు అనుమానం వచ్చిందంటే మీకు తెలివి ఉన్నట్టేగా."

"అవును కదా!" అన్నాడు కామరాజు. అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఇంతలో సర్వీసు సెంటర్ నుంచి ప్రశాంతి పంపిన మెకానిక్ వచ్చి, నీలం మూత తీసి ఏదో పోసి వెళ్ళాడు. బొమ్మ ఆరిపోయింది. అదే వారం పాదులు తవ్విన చోట నాలుగు వైపులా గడ్డి మోకాలెత్తు లేచింది. "చూశారా, మనం వేసింది ఎలా పట్టిందో!" అని కామరాజు నలుగురినీ పిలిచి మరీ చూపించాడు.

పోటీ రోజు రానే వచ్చింది. పదకొండు గంటలకల్లా చెట్టు తణుకు హాల్లో ఉండాలి, ఆ తర్వాత వచ్చినవి తీసుకోరు. కామరాజు తెల్లవారుజామునే లేచి, తలంటుకుని, చెట్టుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బండి కుయ్ కుయ్ మంది. బుల్లబ్బాయి పుస్తకం తీసి, "ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోవాలంట" అని చదివాడు. చెట్టుకి బెల్టు పెట్టారు. బండి ఊరుకుంది. "మనిషికీ చెట్టుకీ తేడా చూడదు, మంచి బండి" అంది భద్రావతి వెనక సీట్లోకి ఎక్కుతూ. ఎనిమిదింటికి బయలుదేరారు. ఊరు దాటకుండానే ఇంకో లైటు వెలిగింది, పసుపుపచ్చది. మళ్ళీ ప్రశాంతికి ఫోన్.

"ఊళ్ళోనే దగ్గర దగ్గర తిప్పుతున్నారు కదా సార్, పొగగొట్టంలో మసి పేరుకుంది. ఏం పర్లేదు. హైవే ఎక్కి నడపండి, వేడికి మసంతా కాలిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ లైటు ఆరిపోయేదాకా బండి ఆపకండి."

వేగం సంగతి చెప్పడం ఆమె మర్చిపోయింది. హైవే మీద ఎవరైనా వేగంగానే వెళ్తారనుకుంది పాపం. కామరాజు ముప్పై దాటలేదు. ఆకు కదులుతుందని భయం. సైకిళ్ళు దాటిపోయాయి. పాలక్యాన్ల బండి దాటిపోయింది. ఓ గేదె కాసేపు పక్కనే నడిచి, విసుగొచ్చి తనూ దాటిపోయింది. గోదావరి వంతెన మీద నది కన్నా మెల్లగా వెళ్ళారు. తొమ్మిదిన్నర దాటాక తణుకొచ్చింది. పోటీ జరిగే కల్యాణ మండపమూ వచ్చింది. పసుపు లైటు మాత్రం అలాగే వెలుగుతోంది.

"అన్నయ్యా, హాలిదే!" అన్నాడు బుల్లబ్బాయి.

"కనపడుతోందిరా. లైటు ఆరలేదుగా. ఎలా ఆపుతాను?"

ఇంకేముంది! హాలు చుట్టూ తిరగడం మొదలెట్టారు. ఒక ప్రదక్షిణం, రెండు, మూడు. మూడో చుట్టులో బుల్లబ్బాయి నడుస్తున్న బండిలోంచి దూకి, లోపలికి పరిగెత్తి, దరఖాస్తు కాగితం పట్టుకొచ్చాడు. బండి పక్కనే పరిగెడుతూ అడగడం మొదలెట్టాడు.

"చెట్టు వయసెంతన్నయ్యా?"

"ఇరవై నాలుగు!"

"శాశ్వత చిరునామా అంటున్నారు!"

కామరాజుకి గుండె కలుక్కుమంది. "ఏది శాశ్వతంరా మనిషికి? ఖాళీగా వదిలెయ్యి!"

"సంతకం పెట్టాలి!"

"రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచాలని పుస్తకంలో నువ్వే చదివావు కదరా!"

చివరికి కలం కామరాజు నోట్లో పెట్టారు, బుల్లబ్బాయి కిటికీలోంచి కాగితం అటూ ఇటూ జరిపాడు. సంతకం అచ్చం కామరాజుదిలాగే వచ్చింది, ఎందుకంటే చేత్తో పెట్టినా ఆయన సంతకం అలాగే ఉంటుంది. బుల్లబ్బాయి దాన్ని లోపలిచ్చి, గుమ్మంలోంచి అరిచాడు, "పదిహేడో నంబరు బల్లంట! చెట్టొచ్చేదాకా నా చోటు నన్నే చూసుకోమన్నారు! నేనిక్కడే ఉంటా!"

బండి ఎనిమిదో చుట్టులో ఉండగా భద్రావతి మళ్ళీ ఫోన్ చేసింది. "ఏవమ్మా, ఈ లైటు ఆరట్లేదేటి? మా ఆయనకి కళ్ళు తిరుగుతున్నాయి."

"ఎంత స్పీడులో వెళ్తున్నారండి?"

"ఇందాక ముప్పై. ఇప్పుడు పది."

ప్రశాంతి చాలా నెమ్మదిగా, "ఎనభైలో వెళ్ళాలండి. ఎనభైలో ఓ ఇరవై నిమిషాలు వెళ్తేనే మసి కాలేది" అంది.

కామరాజు ముఖం పాలిపోయింది. ఎనభైలో వెళ్తే చెట్టుకి ఆకు మిగలదు. ఎనభైలో వెళ్ళకపోతే లైటు ఆరదు. లైటు ఆరకపోతే బండి ఆగదు. బండి ఆగకపోతే చెట్టు దిగదు. చెట్టు దిగకపోతే ఈ ఏడు కూడా అంతే సంగతులు. మోటారుసైకిలు మీద ఆకు రాలిన రోజు గుర్తొచ్చింది. "భద్రా, నేను చూడలేనే. నువ్వు చెట్టుని చూడు, ఆకు రాలితే నాకు చెప్పకు" అని హైవే ఎక్కి, పళ్ళు బిగించి, యాక్సిలరేటరు తొక్కాడు.

అరవై. డెబ్భై. ఎనభై. బండి పులిలా దూసుకుపోతోంది. వెనక నుంచి భద్రావతి మాట్లాడట్లేదు. కామరాజుకి భయమేసింది.

"ఏవే, ఎన్ని రాలాయి?"

"చెప్పొద్దన్నారుగా."

"రాలితే చెప్పొద్దన్నాను!"

"రాలలేదండి. అందుకే చెప్పలేదు."

కామరాజు ఓరకంట చూశాడు. చింతచెట్టు బెల్టు పెట్టుకుని, అరుగు మీద ఉన్నట్టే ఉంది. ఒక్క రెమ్మ కూడా ఊగడం లేదు. అప్పుడు ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ కరివేపాకు కోసం వాడిన బండి ఎందుకు కొన్నాడో ఆ క్షణాన ఆయనకే మళ్ళీ తెలిసొచ్చింది. "నా తల్లే" అన్నాడు. చెట్టునన్నాడో బండినన్నాడో భద్రావతికి తెలియలేదు, తననైతే కాదని మాత్రం తెలిసింది.

తాడేపల్లిగూడెం దాటాక పసుపు లైటు టక్కున ఆరిపోయింది. అంతే. కామరాజు బండి పక్కకి తీసి, ఆపి, ఇంజను కట్టేశాడు. టైము పదిన్నర.

"హమ్మయ్య" అన్నాడు.

"హమ్మయ్య" అంది భద్రావతి.

ఇద్దరూ కూర్చున్నారు. లారీలు పోతున్నాయి. కాసేపటికి భద్రావతి, "ఇప్పుడేం చెయ్యాలండి?" అంది.

"వెనక్కి వెళ్ళాలి."

"మరి పోనివ్వండి."

కామరాజు బటను మీద వేలు పెట్టి ఆగిపోయాడు. "లైటు ఆరేదాకా ఆపొద్దంది. ఆరింది, ఆపాం. మళ్ళీ స్టార్ట్ చెయ్యమని ఆ అమ్మాయి చెప్పిందా?"

భద్రావతి గుర్తు చేసుకుని చూసింది. "లేదండి. చెప్పలేదు."

"మరి? సొంత తెలివి కలిపి, ఇంత దూరమొచ్చాక చెడగొట్టుకుంటామా?"

ప్రశాంతికి ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. పదీ ముప్పై అయిదు. పదీ ముప్పై ఎనిమిది. కామరాజుకి చెమటలు పట్టాయి, ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను చెట్టు మీద. కుండీలో మట్టి తడిగా ఉందో లేదో నాలుగుసార్లు వేలు పెట్టి చూశాడు. చివరికి ఫోన్ కలిసింది.

"స్టార్ట్ చెయ్యమంటావా అమ్మా?" అని అరిచాడు.

"ఏది సార్?"

"బండి!"

"చెయ్యండి సార్! ఇకనుంచి మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు స్టార్ట్ చెయ్యండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపండి! నన్ను అడగక్కర్లేదు!" ఆమె గొంతులో ఏదో తేడాగా ఉంది. జలుబు చేసినట్టుందనుకున్నాడు కామరాజు.

ఇక్కడ ఇలా ఉంటే, అక్కడ హాల్లో బుల్లబ్బాయి తన పని తాను చేస్తున్నాడు. చోటు చూసుకోమన్నారు కాబట్టి పదిహేడో నంబరు బల్ల ఎక్కి బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. నంబరు చీటీ ఎక్కడ పెట్టాలో తెలియక మెళ్ళో వేసుకున్నాడు. జనం వరసగా చెట్లు చూసుకుంటూ వచ్చి వాడి దగ్గర ఆగుతున్నారు. ఒకాయన కళ్ళజోడు సవరించుకుని, "దీని వయసెంత?" అన్నాడు. "నలభై ఆరండి" అన్నాడు బుల్లబ్బాయి. "బాగా ఎదగలేదే" అన్నాడాయన. "ఆయ్, మా అన్నయ్యా అదే అంటాడండి" అన్నాడు వాడు.

న్యాయనిర్ణేత వింధ్యావళి గారని, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ. గడియారం చూసి, "పదిహేడో నంబరు ఇంకా రాలేదా? పదకొండుకల్లా చెట్టు హాల్లో లేకపోతే కొట్టేస్తాను" అని పెన్ను తీసింది.

అదే సమయానికి బయట బండి చప్పుడైంది. టైము పదీ యాభై తొమ్మిది. కామరాజు గుమ్మం ముందున్నాడు. దిగాలి, చుట్టు తిరిగి రావాలి, బెల్టు తియ్యాలి, కుండీ ఎత్తాలి, మెట్లెక్కాలి. నిమిషంలో అయ్యే పని కాదు. పదకొండుకల్లా చెట్టు హాల్లో ఉండాలన్నారు. చెట్టేమో బండిలో ఉంది.

ఇంకేముంది! బండి మూడు మెట్లూ ఎక్కింది. మంగళ తోరణాలు తెంపుకుంటూ, రెండు తలుపుల గుమ్మంలోంచి సగం దాకా లోపలికొచ్చి, ఠక్కున ఇరుక్కుపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. తలుపులు తెరుచుకోవు. జనం గోడలకి అంటుకుపోయారు. హాలు గడియారం పదకొండు కొట్టింది.

కామరాజు అద్దం దించి, తల బయటపెట్టి, రెండు చేతులూ జోడించాడు. "పదిహేడో నంబరండి. ముందు సీటు గడపకి లోపలే ఉందండి. చూసుకోండి."

వింధ్యావళి గారు తిట్టడానికి నోరు తెరిచింది. బండి ముందు అద్దంలోంచి చెట్టు కనపడింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆవిడ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, ముందుకి వంగి, చాలాసేపు చూసింది. జనం ఆవిడ వెనక మూగారు. బల్ల మీద బుల్లబ్బాయి మాత్రం కదల్లేదు, చెట్టొచ్చేదాకా వాడి చోటు వాడు వదలడు కదా.

"ఎవరిదయ్యా ఇది?" అందావిడ.

ఈ ప్రశ్న కోసం ఇరవై నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషి చెట్టు బెల్టు సర్దుతూ ఉండిపోయాడు. వెనక నుంచి భద్రావతి, "మా ఆయనదండి" అంది.

"ఎలా పెంచారు?"

అప్పుడు కామరాజు నోరు పెగుల్చుకుని చెప్పాడు. ప్రపంచంలో ఆయన నోటి నుంచి తప్పు రాని విషయం ఇదొక్కటే. "తొందరపడకూడదండి. రెండేళ్ళకోసారి వేళ్ళు కత్తిరించాలి, అదీ ఉన్నదాంట్లో మూడో వంతు మించకుండా. కొమ్మకి రాగితీగ చుట్టి కొంచెం కొంచెం వంచాలి. తిండి తక్కువ పెట్టాలి గానీ మానకూడదు. లోతు లేని కుండీలో ఉంచాలి. దానికి కోపం రాకుండా తగ్గించుకుంటూ రావాలండి. అంతే." చెబుతుంటే కళ్ళు తుడుచుకున్నాడు. వింధ్యావళి గారు కూడా తుడుచుకుంది. మొదటి బహుమతి తెచ్చి బండి బానెట్ మీదే పెట్టారు.

పండగలా ఉంది గానీ, బండి బయటికి ఎలా తియ్యాలన్నది ఎవరికీ తోచలేదు. ఒకరు గోడ కొట్టమన్నారు, ఒకరు ఆముదం రాయమన్నారు. చివరికి ప్రశాంతికే ఫోన్ చేస్తే, "పక్క అద్దాలు మడిచే బటనుంది, నొక్కండి" అని పెట్టేసింది. నొక్కారు. బండి వెన్నలా వెనక్కి జారింది.

వింధ్యావళి గారు తెగిన తోరణాలూ గీసుకుపోయిన గుమ్మమూ చూసి, తల పట్టుకుని, "చెట్టుని ఇంత ముచ్చటగా చిన్నది చేశారు, బాగుంది. మరి బండేంటయ్యా ఇంత పెద్దది? మీకు ఇందులో సగం చాలు" అంది.

కామరాజు తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆలోచించాడు. చదువుకున్న మనిషి, వృక్షశాస్త్రం చెప్పిన మనిషి, ఊరికే అనదు.

మర్నాడే పని మొదలెట్టాడు. ముందు లోతు తక్కువ సిమెంటు తొట్టి కట్టించి బండిని అందులో దింపాడు. వేళ్ళలో మూడో వంతు మించకూడదు కాబట్టి, అయిదు చక్రాల్లో స్టెప్నీ ఒక్కటే తీయించాడు. బుల్లబ్బాయి బండి చుట్టూ రాగితీగ చుట్టాడు. వారానికి ఒక గ్లాసు డీజిలు, అంతకు మించి లేదు. తిండి మానకూడదు కాబట్టి అది మాత్రం తప్పకుండా పోస్తారు. దానికి కోపం రాకుండా భద్రావతి రోజూ బానెట్ నిమిరి, మంచి మాటలు చెబుతుంది. చింతచెట్టు అరుగు మీద బహుమతి పక్కన కూర్చుని అంతా చూస్తూ ఉంటుంది.

ప్రతి ఆదివారం కామరాజు టేపు పట్టుకుని బండి ఎత్తు కొలుస్తాడు. మూడు నెలలకి రెండంగుళాలు తగ్గింది. ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. "ఇరవై నాలుగేళ్ళు ఓపిక పట్టండి, అరుగు మీద పెట్టి చూపిస్తాను" అంటున్నాడు. టైర్లలో గాలి దిగిపోయిందన్న సంగతి ఆయనకి చెప్పేవాళ్ళు లేరు. మేమూ వెళ్ళి కొలిచి చూశాం, నిజంగానే తగ్గింది.